తూలి నడిచిన మనిషి మనవరాలు

2022 వేసవి. జిల్లాలను విడగొట్టి కొత్త ప్రకాశం గీతలు గీసిన రోజులు. మార్కాపురంలో నా కంటి ఆసుపత్రి. కింద రెండు గదులు, వరండాలో బెంచీలు, పైన ఆపరేషన్ థియేటర్. పొద్దున బస్సులకు త్రిపురాంతకం, కొనకనమిట్ల, బేస్తవారిపేట వైపు నుంచి జనం వచ్చి దిగుతారు. శుక్లాలు, కళ్లద్దాలు, కంట్లో పడిన పలక పెచ్చులు. నా పనిలో ముప్పాతిక వంతు ఇవే. పెచ్చు అంటే పలకను కోసేటప్పుడు ఎగిరే సన్నని రాతి ముక్క. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దినవాళ్లు ఎక్కడెక్కడో ఉన్నారు. ఆ పలకలు కోసి కన్ను పోగొట్టుకున్నవాళ్లు మాత్రం మా వరండాలోనే కూర్చుంటారు.

ఈ చుట్టుపక్కల నా గురించి ఒక కథ చెప్పుకుంటారు. కొనకనమిట్ల వైపు ఒక పల్లెలో ఒక ఆడపిల్ల కంట్లో ఆవగింజకన్నా చిన్న గడ్డను, అది ఏ బాధా పెట్టకముందే, నేను కనిపెట్టి లేజర్‌తో మాడ్చేశానని. అది నిజం. ఆ పని నేను చేశాను, మా ఊళ్లోనే చేశాను, దాని గురించి నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది. అయితే ఆ కథకు ముందు భాగం ఒకటుంది. అది నాకూ, ఆ కుటుంబానికీ, వాళ్ల చర్చి సంఘానికీ తప్ప తెలియదు. ఆ పిల్ల కంటికి ఏ భయమూ లేదని మొదట చెప్పింది కూడా నేనే. పొగడ్త ఒక్కటే తిరుగుతూ ఉంటే మనసుకు ఇబ్బందిగా ఉంది. అందుకని మొత్తం రాస్తున్నాను. కుటుంబాన్ని అడిగే రాస్తున్నాను. పేర్లు మాత్రం మార్చాను.

ఆ వేసవిలో మొదట వచ్చింది ఆ పిల్ల తండ్రి యేసోబు. నలభైకి ఇంకా రెండు మూడేళ్లు తక్కువ. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పని. చొక్కా మీద, కనురెప్పల మీద బూడిద రంగు దుమ్ము. ఎడమ కన్ను పూర్తిగా తెల్లబడి కుంచించుకుపోయి ఉంది.

“ఏంది కష్టం?”

“పలక మీద గీత కనపడటం లేదు సార్. గీత వంకరగా పోయినట్టుంది. మేస్త్రి తిడతన్నాడు, కండ్లు నెత్తికెక్కినాయా అని. నెత్తికెక్కితే బాగుండు, పైనుంచన్నా కనపడేది.”

“ఎడమ కంటికి ఏమైంది?”

“పెచ్చు తగిలింది సార్. అది ఎప్పుడో పోయింది.”

మార్కాపురంలో పలకల పనివాడు కన్ను పోయి వస్తే ఏ డాక్టరూ రెండో ప్రశ్న అడగడు. నేనూ అడగలేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

కుడి కంట్లో మందు వేసి కంటిపాప పెద్దదయ్యాక ఇన్‌డైరెక్ట్ ఆఫ్తాల్మోస్కోప్ పెట్టుకున్నాను. తలకు దీపం కట్టుకుని, చేతిలో ఒక కటకం పట్టుకుని, కంటి లోపలి గోడను అంచుల దాకా చూసే పరికరం అది. ఆ గోడకు అంటుకుని ఉండే పల్చటి పొరే రెటీనా. మనం చూసేదంతా దాని మీదే పడుతుంది. చూపుకు ముఖ్యమైన నడిమి భాగంలో పసుప్పచ్చని కొవ్వు పేరుకుని ఉంది. బీపీలో, షుగర్లో కూడా ఇట్లాంటిది వస్తుంది. ఇతనికి ఆ రెండూ లేవు. అప్పుడు రక్తనాళాలను చూశాను. అన్నీ సన్నగా ఉన్నాయి, రెండు తప్ప. ఆ రెండూ వానపాముల్లా ఉబ్బి, మెలికలు తిరిగి, జంటగా బయటి అంచు వైపు పోతున్నాయి.

ఇక్కడే మా పనిలో ఆనందం ఉంటుంది. చేలో రెండు పైపుల వెంట నడుచుకుంటూ పోతే బోరు మోటారు దొరికినట్టు, ఆ రెండు నాళాల వెంట పోతే చివర ఏదో ఉండాలి. యేసోబును కిందికీ పక్కకీ చూడమని, రెప్ప మీద నుంచి కంటిని కొంచెం నొక్కి, అంచును లోపలికి తెచ్చుకున్నాను. ఉంది. నారింజ ఎరుపు రంగులో గుండ్రంగా ఒక చిన్న ముద్ద. పీజీ చదివేటప్పుడు ఒక్కసారి చూశాను, అంతే. రెటీనల్ క్యాపిలరీ హిమాంజియోబ్లాస్టోమా.

రెటీనా మీద రక్తనాళాల గడ్డలు కొన్ని రకాలున్నాయి. ఒకటి నల్ల ద్రాక్ష గుత్తిలా ఉంటుంది, చాలామటుకు ఊరకే పడి ఉంటుంది. ఇంకొకటి గడ్డ కూడా కాదు, నాళాలు చిక్కుపడిన దారపు ఉండ. ఈ రెండింటినీ ఎక్కువగా కదిలించకుండా గమనిస్తూ ఉంటాం. యేసోబుకు ఉన్న రకం అట్లా ఊరుకోదు. క్యాన్సర్ కాదు, కానీ కారుతుంది. ఒక నాళం రక్తం తెస్తుంది, ఇంకొకటి తీసుకుపోతుంది, మధ్యలో ముద్ద నుంచి నీరూ కొవ్వూ ఊరి రెటీనా కింద చేరుతాయి. వదిలేస్తే తడిసిన గోడకు సున్నం పెచ్చులు లేచినట్టు రెటీనా లేచిపోతుంది. చిన్నగా ఉన్నప్పుడు లేజర్ చాలు. కాస్త పెద్దదైతే బయటి నుంచి గడ్డకట్టించే చలి పెట్టాలి, దాన్ని క్రయో అంటాం. ఇంకా ముదిరితే పెద్ద ఆపరేషన్లే. చూపు నరం మీదనే వస్తే మటుకు లేజర్ పెట్టడానికి ఎవరైనా జంకుతారు, ఎందుకంటే గడ్డతోపాటు నరమూ పోతుంది.

యేసోబుది లేజర్‌కు లొంగే సైజే. కొన్ని విడతలుగా పెట్టాను. ముద్ద తెల్లబడి ముడుచుకుంది, ఉబ్బిన నాళాలు నెలలు గడిచేకొద్దీ సన్నబడ్డాయి. పసుపు కొవ్వు నిదానంగా కరిగింది. “గీత సక్కగ కనపడతాంది సార్, ఇప్పుడు మేస్త్రిదే వంకర” అన్నాడు ఒకరోజు. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు.

కానీ ఆ మొదటిరోజు జరిగిన మాటలు ఇవి. ఇట్లాంటి గడ్డ ఉన్న ప్రతి మనిషినీ అడగాల్సిందే నేనూ అడిగాను.

“మీ ఇంట్లో ఎవరికైనా గడ్డలు వచ్చినాయా? తలలోనో, కడుపులోనో?”

“ల్యా సార్.”

“మీ నాయన?”

యేసోబు మొహం పక్కకు తిప్పాడు. “మా నాయన తాగి తాగి పోయినాడు సార్. ఆయన సంగతి వదిలెయ్.”

వదిలేశాను. బయట జనం ఉన్నారు. అలవాటుగా మా ప్రాంతంలో మేము అందరినీ అడిగే ప్రశ్న అడిగాను: “మీ అమ్మానాయనలది మేనరికమా?”

“ఔ సార్. మా యమ్మ సొంత మేనమామ కొడుకును చేసుకుంది. దాని వల్లనే వచ్చిందా ఇది?”

మేనరికం మీద నా దగ్గర ఒక ఉపన్యాసం ఉంటుంది. రేచీకటితో, పుట్టుకతో వచ్చే కంటి జబ్బులతో పిల్లలు వచ్చినప్పుడల్లా ఇచ్చి ఇచ్చి నోటికి వచ్చేసింది. ఆ జబ్బుల విషయంలో అది సరైన ఉపన్యాసమే. యేసోబు జబ్బుకు దానితో సంబంధం లేదు. అయినా ఇచ్చేశాను. అంతా విని అతను అడిగాడు.

“నేను బయటి సంబంధమే చేసుకున్నా సార్. మా ఆడామెది గిద్దలూరు పక్క. మాకొక్కతే బిడ్డ. దానికేం భయం లేదు కదా?”

“లేదులే” అన్నాను.

తల స్కాన్ ఒకటి తీయించుకొమ్మని చెప్పాను. చూస్తా సార్ అన్నాడు. నేను మళ్లీ అడగలేదు, అతనూ తీయించుకోలేదు. ఎడమ కన్నుది దెబ్బ, ఇంట్లో ఇంకెవరికీ లేదు, కాబట్టి ఇది ఒంటిగా వచ్చిన గడ్డ అని నా లెక్క. అట్లా ఒంటిగా వచ్చేవి ఉంటాయి కూడా. కానీ ఆ మాట అనే ముందు పిల్లను చూడాలి. చూడకుండా అన్నాను.

మరుసటి ఏడాది వానలు వెనకబట్టాక ఒక పెద్దామె వచ్చింది. తెల్లచీర, చేతిలో బైబిలు సంచి. కూర్చోకముందే మొదలుపెట్టింది.

“నేను యేసోబు తల్లిని నాయనా. శాంతమ్మ. వానికి కన్నిచ్చినావంట గదా, నాకూ ఒకటియ్యి.”

రెండు కళ్లకూ శుక్లాలే. ఆపరేషన్ చేయాలి. ముందు కుడి కంట్లోకి టార్చి వేసి చూస్తూ, బీపీ ఉందా, షుగరుందా అని అడుగుతున్నాను. ఆమె దేనికీ సూటిగా చెప్పే రకం కాదు.

“బీపీ గీపీ నాకేం లేవు. ఉంటే ఆయనకే ఉండాల్సింది. ఊరంతా కలిసి ఆయన్ను తాగుబోతును చేసిరి. చుక్క ముట్టని మనిషి, నాయనా. సంఘపెద్ద ఆయన. అట్లాంటి మనిషిని ప్రభువు బల్ల కాడికి రావద్దనిరి.”

బల్ల అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. దాని నుంచి ఆపడమంటే సంఘంలో ఉండి కూడా లేనట్టే.

“ఎందుకన్నారు తాగుబోతని?”

“తూలి నడుస్తాండె గదా. ఇంట్లోంచి గేటు కాడికి పోయేలోపల రెండు సార్లు గోడ పట్టుకుంటాండె. కాళ్లు ఎడంగా పెట్టి, పడవలో నడిచినట్టు. అన్నం ముద్ద నోటికి పోకుండా చెంపకు పోతాండె.”

“తలనొప్పి ఉండేదా?”

“పొద్దున లేస్తానే. వాంతి చేసుకుంటే కాస్త నిమ్మళం. ఆ వాంతి చూసినోళ్లు ఇంకా అనుకున్యారు, రాత్రి తాగింది పొద్దున కక్కతన్నాడని. కడాకు ఒకరోజు బాయి కాడ పడి మళ్ల లేయలేదు.”

నా చేతిలో టార్చి ఆమె కంటి మీదే ఆగిపోయింది.

“ఆ వెలుగు తీయి నాయనా, మండతాంది” అంది.

దీపం ఆర్పాను. ఇంకొక ప్రశ్న మిగిలింది. అడగడానికి భయమేసింది.

“యేసోబు ఎడమ కన్ను, అది పెచ్చు తగిలే పోయిందా అమ్మా?”

ఆమె బైబిలు సంచిని ఒడిలోకి తీసుకుంది. “వాడు పలకల పనికి పోకముందే అది మసక. మెల్లగా తెల్లబడింది. పిల్లనిచ్చేవాళ్లు అడుగుతారని పెచ్చు తగిలిందని మేమే చెప్పినాము. ఇక్కడ దెబ్బ అంటే ఎవురూ భయపడరు గదా నాయనా. ఇంటి జబ్బంటే భయపడతారు. చెప్పీ చెప్పీ వాడు గూడ అదే నిజమనుకున్యాడు.”

యేసోబుకు రెండు కళ్లలోనూ గడ్డలే అన్నమాట. అతని తండ్రికి తూలుడు, పొద్దుటి తలనొప్పి, వాంతి. తల వెనక భాగంలో చిన్న మెదడు ఉంటుంది, ఒంటిని నిలబెట్టే భాగం. యేసోబు కంట్లో ఉన్న గడ్డలాంటిదే అక్కడా వస్తుంది. వస్తే మనిషి తాగినవాడిలాగే నడుస్తాడు. కంట్లో, మెదడులో, వెన్నులో, మూత్రపిండాల్లో ఇట్లా గడ్డలు వచ్చే ఈ ఇంటి జబ్బుకు వాన్ హిప్పెల్ లిండావ్ అని పేరు. మేనరికంతో దీనికి పనిలేదు. తల్లికో తండ్రికో ఒక్కరికి ఉంటే చాలు, పుట్టే ప్రతి బిడ్డకూ వచ్చేందుకు సగానికి సగం అవకాశం. బయటి సంబంధం చేసుకున్నంత మాత్రాన అది దారి తప్పిపోదు.

బయటి సంబంధం కదా, భయం లేదులే అని ఏ పిల్ల గురించి అన్నానో, ఆ పిల్లకు సగం అవకాశం ఉంది. ఏడాది పైన గడిచింది.

యేసోబుకు ఫోన్ చేశాను, బిడ్డను తీసుకురమ్మని. “మీరే కదా సార్ భయం లేదన్నది?” అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఆదివారం ఆసుపత్రి మూసి వాళ్ల ఊరికి పోయాను. ఆరాధన ముగిసి జనం ఇళ్లకు పోతున్నారు. యేసోబు ఇంటి ముందు రేకుల నీడలో మంచం వేసి నన్ను కూర్చోబెట్టారు. అతని భార్య కరుణ మజ్జిగ తెచ్చింది. శాంతమ్మ గడప మీద కూర్చుంది. నా మొహం చూసి ఆమెకు సగం అర్థమైనట్టే ఉంది.

“ఆ రోజు నేను తప్పు చెప్పినా యేసోబూ” అన్నాను. “పాప కన్ను చూడకుండా భయం లేదన్నా. నీ జబ్బు మీ నాయన దగ్గర నుంచి వచ్చిందనుకుంటన్నా. పాపకూ ఉండొచ్చు. చూడాల.”

“అప్పుడు తప్పు, ఇప్పుడు రైటు. రేపు మళ్ల ఏం చెప్తారో!”

“రేపు ఏం చెప్తానో కన్ను చూసినాక చెప్తా. చూడకుండా ఇంక చెప్పను.”

“మా నాయనకు కన్ను బాగానే ఉన్నింది సార్. ఆయనకున్నది తాగుడు.”

“మీ నాయన తాగినాడని నువ్వు చూసినావా?”

అతను లేచి నిలబడ్డాడు. కోప్పడతాడనుకున్నాను. గొంతు మాత్రం సన్నగా వచ్చింది.

“ఆయన తాగుబోతు కాకుంటే నేనేందయితా సార్? చివరి ఏండ్లు నేను ఆ మనిషితో మాట్లాడలేదు. పట్టుకుని నడిపించరా అంటే, తాగేటప్పుడు నన్ను అడిగినావా అన్యా. ఇప్పుడొచ్చి జబ్బంటే?”

అక్కడ నేను వైద్యం గురించి మాట్లాడుతున్నాననుకున్నాను. అతను ఏం మోస్తున్నాడో నాకు తెలియదు.

కరుణ ఖాళీ గ్లాసు నా చేతిలోంచి తీసుకుంది. “మీ నాయన సంగతి మీరు మీరు చూసుకోండి” అంది భర్తతో. “నా బిడ్డ కన్ను నాది. రేపు పొద్దున బస్సుకు నేను తీసకపోతా. వస్తే రా, రాకుంటే పలకలు కోసుకో.”

మర్నాడు ముగ్గురూ వచ్చారు. యేసోబు లోపలికి రాలేదు, వరండాలో చివరి బెంచీ మీద కూర్చున్నాడు.

వాళ్ల బిడ్డ రూతు అప్పుడు ఎనిమిదో తరగతి. చార్టులో ఆఖరి వరుస దాకా రెండు కళ్లతోనూ గడగడా చదివేసింది. అట్లా చదివే పిల్ల రెటీనా అంచులను చూడాలని మామూలుగా ఎవరికీ తోచదు. మందు వేసి కాసేపు కూర్చోబెట్టాక, దగ్గరి చూపు మసకబారిన కళ్లతో నన్ను తేరిపార చూసింది.

“సార్, ఇప్పుడు మీరు బాగున్నారు.”

“ముందు లేనా?”

“ముందు ముడతలు కనపడతాండె.”

కరుణ వీపు మీద ఒకటి వేసింది. నేను తలకు దీపం కట్టుకున్నాను.

ఎడమ కన్ను చుట్టూ అంచులన్నీ చూశాను. ఏమీ లేదు. కుడి కన్ను. పైన లేదు. ముక్కు వైపు లేదు. నాళాలన్నీ సన్నగా, తిన్నగా ఉన్నాయి. వెంట పోయి పట్టుకోవడానికి ఉబ్బిన జంట లేదు. మళ్లీ మొదటి నుంచి, ఈసారి నొక్కుతూ, ఒక్కొక్క అంగుళం పొలం గట్టు చూసినట్టు చూశాను. చెవి వైపు, బాగా బయటి అంచున, ఒక సన్న నాళం చివర ఎర్రటి చుక్క. కుంకుమ పుల్లతో తాకించినంత. అది అక్కడ లేకుంటే బాగుండునని నాకు తోచిందీ, దొరికిందని ఒళ్లు పొంగిందీ ఒక్కసారే. ఫోనును కటకానికి ఎదురుగా పట్టి బొమ్మ తీశాను.

వరండాలోకి వెళ్లి యేసోబు పక్కన కూర్చుని రెండు బొమ్మలు చూపించాను. ఒకటి అతనిది, లేజర్‌కు ముందు తీసింది. ఒకటి బిడ్డది.

“ఇది నాది” అన్నాడు. “ఇదేందో సన్నది?”

“రూతుది. నీది కూడా ఒకప్పుడు ఇంతే ఉండింటుంది. ఎడమ కన్నుది కూడా.”

చాలాసేపు చూశాడు. గీతలు చూసి చూసి పదునెక్కిన కన్ను అది. ఎక్కడ చూడాలో చెప్పాల్సిన పని లేకపోయింది.

“పోతుందా సార్, కన్ను?”

“ఇప్పుడు పట్టినాం కాబట్టి పోదు. ఇది పెరగకముందే మాడ్చేస్తా. మళ్ల వేరే చోట రావచ్చు. దానికే జీవితాంతం చూస్తూ ఉండాల. ఆర్నెల్లకు ఒకసారి, ఎగ్గొట్టకుండా.”

“ఇది మా నాయన ఇచ్చిందా?”

“అనుకుంటన్నా. నీ తల స్కాన్ తీస్తే ఇంకా తెలుస్తుంది.”

“అయితే ఆయన తాగలా” అన్నాడు. అది ప్రశ్న కాదు. ఫోను నా చేతికిచ్చి, వెళ్లి కుళాయి కింద మొహం కడుక్కుని, వరండా దాటి లోపలికి వచ్చి బిడ్డ పక్కన నిలబడ్డాడు.

రూతు కంటికి లేజర్ నేనే పెట్టాను. చుక్కల మందుతో కన్ను మొద్దుబారాక కదలకుండా కూర్చుంది. ఆకుపచ్చ వెలుగు పడినప్పుడల్లా ఎర్ర చుక్క మీద తెల్ల మచ్చ. తొందరపడి గట్టిగా కొడితే చుక్క పగిలి రక్తం కారుతుంది. తక్కువ శక్తితో నిదానంగా, మళ్లీ మళ్లీ, చుక్కంతా తెల్లబడేదాకా పెట్టాలి. ఇంకో విడతతో అయిపోయింది. కొన్ని నెలలకు ఆ చోట బూడిద రంగు మచ్చ మిగిలింది. పలక ముక్కలా చదునుగా ఉంది. రూతు ఇప్పటికీ ఆఖరి వరుస చదువుతుంది. మరుసటి ఏడాది ఎడమ కంట్లో ఇంకొక చుక్క వచ్చింది. క్రమం తప్పకుండా చూస్తున్నాం కాబట్టి ఇంకా చిన్నదిగా ఉండగానే దొరికింది. దాన్నీ మాడ్చేశాను. ఈ రెండు చుక్కల గురించి నేను ఎక్కడైనా చెప్పుకుంటాను, ఎవరేమనుకున్నా.

యేసోబు నగరంలో పెద్దాసుపత్రికి పోయాడు. ఈసారి చూస్తా సార్ అనలేదు. చిన్న మెదడులో గోళీ అంత గడ్డ ఉందని స్కాన్‌లో తేలింది. ఇంకా ఏమీ నొక్కడం లేదు, గమనిస్తూ ఉంటే చాలన్నారు. మూత్రపిండాలు శుభ్రంగా ఉన్నాయి. రక్త పరీక్షలో ఆ ఇంటి జబ్బు పేరు ఖాయమైంది. తిరిగొచ్చి నాకు చెప్పి, లేవకుండా కూర్చున్నాడు.

“ఒకరోజు మా చర్చికి రావాల సార్. నేను చెప్తే నమ్మరు. నేనే ఆయన్ను తాగుబోతన్యోణ్ణి.”

శాంతమ్మ కళ్లకు అప్పటికి ఆపరేషన్లు అయిపోయాయి. ఆమె ముందు వరుసలో, నల్లద్దాలు పెట్టుకుని కూర్చుంది. ఆరాధన ముగిశాక పాస్టరయ్యగారు నన్ను పిలిచారు. నేను ఎక్కువ చెప్పలేదు. యేసోబు తండ్రి అబ్రహాముగారి తల స్కాన్ నా దగ్గర లేదు, కాబట్టి ఒట్టేసి చెప్పలేనన్నాను. కానీ కొడుకు తలలో ఉన్నది, మనవరాలి కంట్లో దొరికింది చూసినాక, ఆయన తూలింది జబ్బుతోనే అని డాక్టరుగా నమ్ముతున్నానన్నాను. ఈ ఇంటి బిడ్డకు భయం లేదని మొదట తప్పు చెప్పింది నేనేనని, ఆ తప్పు బయటపడింది శాంతమ్మగారు తన భర్త మాట వదలకపోవడం వల్లనేనని కూడా చెప్పాను. లేకుంటే ఆ చుక్క ఏదో ఒకరోజు ముద్ద అయ్యేది, రూతు ఒక కన్నుతో నా దగ్గరకు వచ్చేది, నేను మళ్లీ రెండు నాళాల వెంట పోయి మెచ్చుకోలు తెచ్చుకునేవాణ్ణి.

వెనక వరుసలోంచి ఒక పెద్దాయన లేచాడు. ఆయన కూడా ఒకప్పటి సంఘపెద్దే.

“మనిషి తూలి పడతాంటే తాగినాడనుకోక ఏమనుకుంటాము డాక్టరూ?”

శాంతమ్మ వెనక్కి తిరగలేదు, అద్దాలు తీయలేదు.

“అనుకుంటిరన్నా, సరే. ఒక్కసారి దగ్గరికొచ్చి నోరు వాసన చూసింటే సరిపోవుగదా.”

ఎవరో నవ్వబోయి ఆగారు. పెద్దాయన కూర్చున్నాడు. ఆ తర్వాత వచ్చిన బల్ల ఆదివారం పాస్టరయ్యగారు అబ్రహాము పేరు సంఘపెద్దల పేర్లతో కలిపి చదివారని యేసోబు చెప్పాడు. చదువుతున్నంతసేపూ తను నిలబడే ఉన్నానన్నాడు.

ఇప్పుడు నేను పలకల పనివాడి పోయిన కన్ను గురించి రెండో ప్రశ్న అడుగుతాను. పెచ్చు తగిలినప్పుడు ఎవరన్నా చూశారా, అంతకుముందు ఆ కన్నుతో బాగా కనపడేదా అని. మేనరికం ఉపన్యాసం చోటు దానికి ఉంది. ప్రతి జబ్బుకూ దాన్ని వేయను. గడ్డలు వచ్చాయా అని మాత్రమే అడగను. గడ్డ అని తెలిస్తే కదా వాళ్లు చెప్పేది. తూలి నడిచినవాళ్లు, పొద్దున్నే తలనొప్పితో వాంతి చేసుకున్నవాళ్లు, చిన్నప్పుడే కన్ను పోయినవాళ్లు, తాగి పోయారని చెప్పుకునేవాళ్లు ఇంట్లో ఉన్నారా అని విడివిడిగా అడుగుతాను. రెటీనాలో రక్తనాళాల గడ్డ దొరికితే, ఆ ఇంట్లో పిల్లలందరి కళ్లలో మందు వేసి అంచుల దాకా చూసేవరకు “లేదులే” అనను.

రూతును ఆర్నెల్లకొకసారి తీసుకొచ్చేది శాంతమ్మే. మనవరాలు లోపల మందు వేయించుకుని కూర్చుంటే, ఆమె వరండా బెంచీ మీద కొత్తగా వచ్చినవాళ్లను పలకరిస్తూ ఉంటుంది. మొన్న తలుపు సందులోంచి వినపడింది.

“మంచి డాక్టరేనమ్మా, చెయ్యి మంచిది. కాకపోతే సగమే అడుగుతాడు. మిగతా సగం మీరే చెప్పుకోవాల.”

నేను రూతు కంటి అంచు చూస్తూనే ఉన్నాను. కాదనడానికి బయటికి పోలేదు.